వేడి చేయని నీలం అంటే ఏమిటి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ముత్యాల గురించి రాస్తూ చివర్లో ఒక మాట అన్నాను, ఈ రోజుల్లో వేడి చేయని నీలం దొరకడం కష్టమని. ముత్యాల కన్నా ఆ ఒక్క వాక్యానికే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం నీలాలకే ఇస్తున్నాను. ఒకే ప్రశ్న చాలామంది అడిగారు కాబట్టి వాటిలో ఒక్కొక్కటే తీసుకున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు, ఊరు మాత్రమే.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి నిశ్చితార్థానికి కాబోయే కోడలికి నీలం ఉంగరం చేయిస్తున్నాం. డయానా ఉంగరం లాంటిది కావాలని ఆ పిల్ల ముచ్చటపడింది. దుకాణంలో "నేచురల్ స్టోనే అమ్మా, గ్యారంటీ" అన్నారు. నేచురల్ అంటే వేడి చేయనిదనే అర్థమా? (రాజమహేంద్రవరం)

జవాబు: కాదమ్మా. నాకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఈ మాట దగ్గరే తడబడ్డాయి, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

నేచురల్ అంటే ఆ రాయి భూమిలో పుట్టిందని, అంతే. బయటికి తీశాక దానికి ఏమేం చేశారన్నది ఆ మాటలో ఉండదు. నీలమూ కెంపూ రెండూ ఒకే ఖనిజం, మన పాత మాటల్లో కురువిందం. అసలు ఇంగ్లీషు వాళ్ల కోరండం అనే పేరు కూడా మన దక్షిణాది కురుందం మాట నుంచి వెళ్లిందే. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన ఈ ఖనిజం శుద్ధంగా ఉంటే దానికి రంగే ఉండదు. అందులోకి కొద్దిగా క్రోమియం చేరితే ఎరుపెక్కి కెంపు అవుతుంది, ఇనుమూ టైటానియమూ రెండూ కొద్దికొద్దిగా చేరితే నీలం అవుతుంది.

ఇప్పుడు వేడి సంగతి. చాలా రాళ్లలో టైటానియం సన్నటి సూదుల్లా విడిగా పేరుకుని ఉంటుంది, దాన్నే రత్నాల వాళ్లు సిల్క్ అంటారు. అది ఎక్కువైతే రాయి పాలు కలిపినట్టు మసకగా కనిపిస్తుంది. శ్రీలంకలో అలాంటి రాయిని గెవుడ అంటారు, ఒకప్పుడు దానికి పెద్ద విలువ లేదు. 1970ల్లో థాయ్‌లాండ్ వ్యాపారులు వాటిని చవకగా కొనుక్కెళ్లి, కొలిమిలో 1,700 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం దాకా వేడి చేస్తే సూదులు కరిగి, ఆ టైటానియం రాయిలోకే కలిసిపోయి, మసక రాయి చక్కటి నీలంగా మారింది. అప్పటి నుంచి బజారు తీరే మారిపోయింది. ఇవాళ నగల దుకాణాల్లో కనిపించే నీలాల్లో చాలా ఎక్కువ భాగం వేడి చేసినవే. ఇది మరీ కొత్త విద్య కూడా కాదు, కెంపుల్ని వేడి చేసి రంగు బాగుచేయడం గురించి సుమారు వెయ్యేళ్ల కిందటే మధ్య ఆసియా పండితుడు అల్ బిరూనీ రాశాడు.

వేడి చేసిన రాయి నకిలీ కాదు, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. రంగు నిలుస్తుంది, గట్టిదనం తగ్గదు, ధర అందుబాటులో ఉంటుంది. ఆ సంగతి చెప్పి అమ్మితే ఏ తప్పూ లేదు. వేడి చేసిన రాయికి వేడి చేయని రాయి ధర తీసుకోవడమే నాకు కోపం తెప్పించేది. ఒకే సైజు, ఒకే రంగు ఉన్న రెండు రాళ్ల మధ్య ఈ ఒక్క కారణంతోనే ధర చాలా మారిపోతుంది. భూమిలోంచి వస్తూనే మంచి రంగు, మంచి తేటదనం రెండూ ఉన్న రాయి అంత అరుదు మరి.

వేడి ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. రంగునిచ్చే మూలకాన్ని బయటి నుంచి రాయిలోకి పట్టించే పద్ధతి ఉంది. టైటానియంతో చేస్తే రంగు పైపొరలోనే ఆగుతుంది, తిరిగి సానబడితే పోతుంది. 2001, 2002 ప్రాంతంలో బెరీలియంతో చేసిన రాళ్లు బయటపడి బజారులో పెద్ద కలకలమే రేగింది, ఎందుకంటే బెరీలియం చాలా తేలికైన మూలకం, రాయి లోపలి దాకా వెళ్లిపోతుంది. పగుళ్లలో సీసం కలిసిన గాజు నింపడం ఇంకొకటి, దాని గురించి కింద ఒక ఉత్తరం ఉంది. ఇవన్నీ కాక పూర్తిగా కొలిమిలో పుట్టిన రాయి ఉంది. ఫ్రాన్స్‌లో వెర్నేయ్ అనే శాస్త్రవేత్త 1902లో మంటలో కెంపు తయారుచేసే పద్ధతిని ప్రకటించాడు, మరికొన్నేళ్లకు నీలమూ వచ్చింది. అంటే మీ అత్తగారి కాలం నాటి ఉంగరంలోనూ ల్యాబ్ రాయి ఉండొచ్చు, పాత నగ కాబట్టి అసలు రాయే అనుకోవద్దు.

మీరు చేయాల్సింది ఒక్కటే. రాయి పొదగక ముందే, విడిగా ఉన్నప్పుడే, ల్యాబ్ రిపోర్టు అడగండి. అందులో ట్రీట్‌మెంట్ అనే చోట వేడి చేసిన సూచనలు లేవు అనే అర్థం వచ్చే వాక్యం ఉండాలి. నేచురల్ శాఫైర్ (శాఫైర్ అంటే నీలమే) అని మాత్రమే రాసి ఆ గడి ఖాళీగా వదిలేసిన కార్డును వేడి చేయని రాయికి రుజువుగా తీసుకోకండి. పెద్ద రాయైతే దుకాణం వాళ్లు ఇచ్చిన కార్డుతో సరిపెట్టుకోకుండా అమెరికా సంస్థ జీఐఏ, స్విట్జర్లాండ్ ల్యాబులైన గ్యూబెలిన్, ఎస్ఎస్ఈఎఫ్ లాంటి పేరున్న వాటి రిపోర్టు అడగండి. మన దేశంలో ముంబైలోని జీఐఐ, జైపూర్‌లోని జీటీఎల్ (ఇప్పుడు దాని పేరు ఐఐజీజే-ఆర్ఎల్‌సీ) ఎప్పటి నుంచో ఈ పని చేస్తున్నాయి.

డయానా ఉంగరంలోది 12 క్యారెట్ల సిలోన్ (అంటే శ్రీలంక) నీలం, 1981లో ఆమె ఎంచుకున్నది, 2010లో కేట్ వేలికి వచ్చింది. అంత పెద్దది మనకెందుకు, క్యారెటున్నర రాయి చుట్టూ చిన్న వజ్రాలు పొదిగినా అదే అందం వస్తుంది. కోడలికి నా ఆశీస్సులు చెప్పండి.

ప్రశ్న: నేను జియాలజీ చదువుతున్నాను. నీలం గనులు సింగరేణిలా ఉంటాయా? మన తూర్పు కనుమల్లో ఎందుకు తవ్వడం లేదు? (విశాఖపట్నం)

జవాబు: ఈ ఉత్తరం చదివి నిజంగా సంతోషం వేసింది, ఎందుకంటే రాయి ధర అడిగేవాళ్లే గాని అది ఎలా వస్తుందని అడిగేవాళ్లు తక్కువ.

వేడి చేయని నీలాలకు ప్రపంచంలో ముందుగా చెప్పుకునే చోటు శ్రీలంకలోని రత్నపుర. కొలంబో నుంచి సుమారు 100 కిలోమీటర్లు. పేరులోనే రత్నం ఉంది. నేను వెళ్లినప్పుడు గని ఎక్కడా అని వెతుక్కున్నాను, చుట్టూ వరి పొలాలే కనిపించాయి. కాసేపటికి తెలిసింది, ఆ పొలాల మధ్య తాటాకు పాకల్లా కనిపించేవే గనులని. సింగరేణిలాంటి భారీ యంత్రాలు, మైళ్ల సొరంగాలు ఏమీ లేవు. మన ఊళ్లో బావి తవ్వినట్టే చదరంగా ఒక గుంట తవ్వుతూ దిగుతారు. మట్టి విరిగి పడకుండా నాలుగు వైపులా దుంగలు అడ్డంగా బిగిస్తారు, దుంగల వెనక ఫెర్న్ ఆకులు దట్టంగా కూరుతారు, ఊరే నీళ్లలో మట్టి కారిపోకుండా ఆ ఆకులు ఆపుతాయి. పక్కన నీళ్లు తోడే పంపు ఆగకుండా మోగుతూనే ఉంటుంది, అది ఆగితే గుంట నిండిపోతుంది. దిగే ముందు వెలిగించిన కొవ్వొత్తిని లోపలికి దింపి చూస్తారు, ఆరిపోతే లోపల గాలి లేదని అర్థం.

వాళ్లు వెతికేది ఇల్లం కోసం. ఇల్లం అంటే ఒకప్పటి నది మోసుకొచ్చి వదిలిన గులకరాళ్ల పొర, ఇప్పుడు దాని మీద బురద, బంకమట్టి పేరుకుని ఉన్నాయి. కొన్నిచోట్ల 15, 20 అడుగులకే తగులుతుంది, కొన్నిచోట్ల 80 అడుగులు దిగాలి. పొర తగిలాక దాని వెంటే అడ్డంగా చిన్న సొరంగాలు తవ్వుకుంటూ, వంగి కూర్చుని, గంపలకెత్తి పైకి పంపుతారు. ఆ గులకను రోజుల తరబడి కుప్ప పోసి, ఒక మంచి రోజు చూసుకుని కడుగుతారు.

కడగడం చూడాలి మీరు. నడుము లోతు నీళ్లలో నిలబడి, వట్టి అనే వెడల్పాటి అల్లిక బుట్టలో గులక పోసి, మన ఇంట్లో అమ్మ చేటలో బియ్యం చెరిగినంత నేర్పుగా గుండ్రంగా తిప్పుతారు. తేలికైన ఇసుక అంచు దాటి నీళ్లలోకి పోతుంది, బరువైనవి అడుగున నడిమధ్యకు చేరతాయి. నీలం నీటికన్నా 4 రెట్లు బరువు, మామూలు ఇసుక 2.65 రెట్లే, ఆ తేడా మీదే ఈ పనంతా నడుస్తుంది. చివర్లో బుట్టను ఎండకు వాల్చి, అనుభవం ఉన్న ఒకాయన వేళ్లతో గులకను నెమ్మదిగా జరుపుతూ చూస్తాడు. ఆ నిమిషం అందరూ మాటలు ఆపేస్తారు. చాలాసార్లు గోమేధికాలు, స్పినెల్, జిర్కాన్ ముక్కలే ఉంటాయి. నేను చూసిన రోజు మూడు బుట్టల్లో ఏమీ రాలేదు, నాలుగో దాంట్లో బఠాణీ అంత మసక నీలం ఒకటి వచ్చింది.

వేడి చేయని రాయి విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆ బుట్టలోంచి తీసిన ముక్కకు సానబట్టడం తప్ప ఇంకేమీ చేయకుండా నగలోకి వెళ్లగలిగేవి చాలా కొన్ని. 1926లో రత్నపుర దగ్గర పెల్మదుల్లలో వరి పొలంలో దొరికిన బ్లూ బెల్ ఆఫ్ ఆసియా అలాంటిదే, 392.52 క్యారెట్లు, 2014లో జెనీవా వేలంలో 1.73 కోట్ల డాలర్లు పలికింది.

ఇక మీ రెండో ప్రశ్న. మీ కాలేజీ చుట్టూ ఉన్న కొండల రాయి పేరు ఖోండలైట్ కదా, శ్రీలంక నడిమి ఎత్తైన ప్రాంతాల్లోనూ అదే జాతి రాయి ఉంది. సుమారు 55 కోట్ల ఏళ్ల కిందట భారత్, శ్రీలంక, మడగాస్కర్, తూర్పు ఆఫ్రికా ఒకదానికొకటి అతుక్కుని ఉన్న కాలంలో విపరీతమైన వేడికి, ఒత్తిడికి శ్రీలంకలోని ఆ రాళ్లు మారాయి, అక్కడి నీలాలు అప్పుడే పుట్టాయి. అయితే కురువిందం పుట్టాలంటే అల్యూమినియం ఎక్కువగా, సిలికా తక్కువగా ఉండాలి. సిలికా ఉంటే అల్యూమినియం దానితో కలిసి వేరే ఖనిజమైపోతుంది. సరైన చోట సరైన కొలతలు కుదరాలి, ఆ తర్వాత టైటానియం, ఇనుము తగుపాళ్లలో ఉండాలి, ఆ తర్వాత నది వాటిని ఒకచోట పోగుచేయాలి. మన ఖమ్మం ప్రాంతంలోనూ కురువిందం ఉంది, కాకపోతే దాంట్లో ఎక్కువ భాగం కాంతి చొరని గట్టి రాయి, నగల కన్నా అరగదీసే పనికి పనికొచ్చేది.

ప్రశ్న: పై విషయంలోనే ఒక సందేహం. గుంటలోకి దిగేవాళ్లకు ఏం మిగులుతుంది? అది తెలియకుండా కొనడానికి మనసొప్పడం లేదు. (తెనాలి, ఒక టీచర్)

జవాబు: టీచర్ గారూ, మీరు అడిగినందుకు కృతజ్ఞతలు. శ్రీలంకలో గుంట తవ్వాలంటే అక్కడి జాతీయ రత్నాభరణ సంస్థ లైసెన్సు కావాలి, పని అయ్యాక గుంట పూడ్చాలి, అందుకు ముందే డిపాజిట్ కట్టించుకుంటారు. పెద్ద యంత్రాలకు అంత తేలిగ్గా అనుమతి ఇవ్వరు. అందువల్ల అక్కడి తవ్వకం ఇప్పటికీ చాలావరకు మనుషుల చేతుల మీదే నడుస్తోంది, పూడ్చిన చోట మళ్లీ వరి వేస్తారు. కూలీలకు చాలాచోట్ల జీతం ఉండదు. తిండి, చిన్న ఖర్చులు చూస్తారు, రాయి దొరికితే భూమి యజమాని, లైసెన్సుదారు, పంపు యజమాని, దిగినవాళ్లు వాటాలు పంచుకుంటారు. దొరకకపోతే నెలలు గడిచిపోతాయి. వానాకాలం కలు గంగ నది పొంగితే గుంటలు మునుగుతాయి. దుంగలు విరిగి మనుషులు పోయిన సంఘటనలూ ఉన్నాయి.

మడగాస్కర్ సంగతి ఇంకా కష్టం. ఇలకాక అనే చోట నాలుగు గుడిసెలు తప్ప ఏమీ లేనప్పుడు 1998లో నీలాలు బయటపడ్డాయి, కొద్ది కాలంలోనే వేలమంది చేరి ఊరైపోయింది. అక్కడ కొనేవాళ్లలో చాలామంది శ్రీలంక, థాయ్‌లాండ్ వ్యాపారులు. గుంటలోకి దిగినవాడు తాను అమ్మిన రాయి చివరి ధర ఎప్పటికీ చూడడు. రెండు దేశాలూ ఒకప్పుడు ఒకే నేల కాబట్టి రాళ్లు కూడా దగ్గరగా ఉంటాయి, అక్కడి రాయి శ్రీలంకలో సానబట్టి సిలోన్ పేరుతో బయటికి రావడం ఉంది. మీ దుకాణదారుడిని రాయి ఏ దేశానిది, ఎవరి దగ్గర కొన్నారు అని అడగండి. చాలామంది జవాబు చెప్పలేరు. చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొనండి, నేను అదే చేస్తాను.

ప్రశ్న: నగ మీద హాల్‌మార్క్ ఉంది. రాయి కూడా అసలుదే కదా? (కరీంనగర్)

జవాబు: హాల్‌మార్క్, ఆ ఆరక్షరాల హెచ్‌యూఐడీ నంబరు బంగారం స్వచ్ఛతకు మాత్రమే. రాయి గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. బిల్లులో రాయి బరువును బంగారం బరువులోంచి తీసి చూపించారో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: అసలైన ఇంద్రనీలాన్ని పాలలో వేస్తే పాలు నీలంగా మారతాయని మా నాయనమ్మ చెప్పేది. ఇంట్లో ఇలా పరీక్షించుకోవచ్చా? (వరంగల్)

జవాబు: మన పెద్దల మాటలంటే నాకూ గౌరవమే, కానీ ఈ పరీక్షతో రాయి కొనకండి. రాయి నుంచి రంగు దిగి పాలలో కలవదు. ముదురు నీలం రాయి ఏదైనా సరే, ఎండలో పాలగిన్నెలో వేస్తే రాయి గుండా వచ్చే వెలుగు పాల మీద పడి నీలి నీడ కనిపిస్తుంది. నీలి గాజుముక్క వేసినా అంతే. గీతలు పడతాయా అని గాజు మీద గీసి చూడటమూ వద్దు, ల్యాబ్‌లో చేసిన నీలం కూడా అంతే గట్టిది, మోస్ కొలతలో 9, అది కూడా గాజును గీస్తుంది.

పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి కొనుక్కుంటే కొన్ని సంగతులు మీకే తెలుస్తాయి. వేడి తగలని రాయిలో సిల్క్ సూదులు చెక్కుచెదరకుండా, ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటుతూ కనిపిస్తాయి, వేడి చేసిన దాంట్లో అవి చుక్కలు చుక్కలుగా తెగిపోయి ఉంటాయి. భూమిలో పుట్టిన రాయిలో రంగు పట్టీలు తిన్నగా, కోణాలతో ఉంటాయి, వెర్నేయ్ పద్ధతి రాయిలో గ్రామఫోన్ రికార్డు గీతల్లా వంపు తిరిగి ఉంటాయి, ఒక్కోసారి గాలి బుడగలూ ఉంటాయి. అయితే ఇవన్నీ అనుమానం రావడానికే పనికొస్తాయి. తక్కువ వేడి చేసిన రాయిని పట్టుకోవడం ల్యాబులకే కష్టం. అందుకే మంచి ల్యాబ్ "వేడి చేయలేదు" అని ఎప్పుడూ రాయదు, "సూచనలు కనపడలేదు" అని రాస్తుంది.

ప్రశ్న: రెండేళ్ల కిందట చవకగా వచ్చిందని నీలం పెండెంట్ కొన్నాను. ఇంట్లో నిమ్మరసంతో రుద్ది కడిగితే రాయి మీద తెల్లటి మచ్చలు, గీతలు వచ్చాయి. చాలా బాధగా ఉంది, నేనేం తప్పు చేశాను? (నిజామాబాద్)

జవాబు: మీ తప్పేం లేదమ్మా. అసలు నీలానికి నిమ్మరసం ఏమీ చేయలేదు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అది పగుళ్లలో సీసం గాజు నింపిన రాయి అయి ఉండొచ్చు. విరిగిన, పనికిరాని రాయిని శుభ్రం చేసి, పగుళ్ల నిండా గాజు కరిగించి పోస్తే పైకి తేటగా మెరుస్తుంది. 2004 ప్రాంతం నుంచి ఇలాంటి కెంపులు, ఆ తర్వాత కోబాల్ట్‌తో రంగు వేసిన గాజు నింపిన నీలాలు వచ్చాయి. ఆ గాజును నిమ్మరసం లాంటి కొద్దిపాటి పులుపు కూడా తినేస్తుంది.

నాకూ ఒకసారి ఇలాగే జరిగింది. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో, అక్క పెళ్లికి హైదరాబాద్‌లో ఒక దుకాణంలో నా మొదటి జీతాల డబ్బుతో చెవిదుద్దులు కొన్నాను, మూడు నెలలకే రాళ్లు మసకబారాయి. దుకాణం వాళ్లు మీరే ఏదో చేశారన్నారు, చేతిలో బిల్లు తప్ప రాయి గురించి ఒక్క వాక్యం రాసిన కాగితం లేదు. అక్క ఏమీ అనలేదు గాని నాకు ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే కష్టంగా ఉంటుంది. అందుకే ఇంతగా కాగితం కాగితం అంటున్నాను. మీ బిల్లు మీద నేచురల్ శాఫైర్ అని మాత్రమే ఉండి, గాజు నింపిన సంగతి చెప్పలేదంటే ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించి ఆ రిపోర్టుతో దుకాణానికి రాతపూర్వకంగా అడగండి, స్పందించకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు పోగొట్టుకోకండి.

ప్రశ్న: మా అమ్మమ్మ ఉంగరంలోది కశ్మీర్ నీలం అని ఇంట్లో అందరం అనుకుంటాం. అమ్మితే ఎంత వస్తుంది? (గుంటూరు)

జవాబు: ధర నేను చెప్పలేను, చూడకుండా ఎవరూ చెప్పకూడదు. కశ్మీర్ నీలం కథ మాత్రం చెబుతాను. ఇప్పటి కిష్ట్‌వాడ్ జిల్లాలో పాడర్ లోయ పైన, సుమ్జామ్ అనే ఊరి దగ్గర, 1881 ప్రాంతంలో కొండచరియ విరిగిపడితే ఈ రాళ్లు బయటపడ్డాయి. సముద్రమట్టానికి 4,500 మీటర్ల ఎత్తు, ఏడాదిలో ఎక్కువ నెలలు మంచే. మొదట్లో స్థానికులు ఏరుకున్నారు, విలువ తెలిశాక మహారాజు కాపలా పెట్టించాడు. 1882 నుంచి 1887 దాకా వచ్చినవే గొప్ప రాళ్లు. 1887లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ నుంచి లా టూష్ అనే అధికారి వెళ్లేసరికి ఆ మొదటి చోటు దాదాపు అయిపోయింది. ఆ తర్వాత ఎన్నోసార్లు ప్రయత్నించారు, ఆ స్థాయిలో మళ్లీ దొరకలేదు. మఖ్మల్ మీద వెలుగు పడ్డట్టు మెత్తగా ఉండే ఆ నీలి రంగుకు కారణం, లోపల కంటికి ఆనని సూక్ష్మ కణాలు వెలుగును చెదరగొట్టడమే.

ఇన్ని తక్కువ రాళ్లు కాబట్టి కశ్మీర్ అనేది దుకాణాల్లో రంగు పేరుగా స్థిరపడిపోయింది. మీ అమ్మమ్మ గారికి కూడా ఎవరో రంగు చూసి ఆ మాట అని ఉండొచ్చు. మన పాత ఉంగరాల్లో రాయి వెనక మూసేసి, రేకు పెట్టి పొదిగేవారు, దానివల్ల రంగు ముదురుగా కనిపిస్తుంది. ఉంగరాన్ని కరిగించడానికో కొత్త నగకు మార్చడానికో ఎవరికీ ఇవ్వకండి. ముందు నమ్మకమైన పనివాడి చేత రాయి తీయించి, పుట్టిన చోటు గురించి కూడా అభిప్రాయం ఇచ్చే ల్యాబ్‌కు పంపండి. అది నిపుణుల అభిప్రాయమే, ఒక్కోసారి రెండు ల్యాబులు వేరుగా చెప్పడమూ ఉంటుంది. కశ్మీర్‌ది కాకపోయినా అది అమ్మమ్మ గారి ఉంగరమే కదా.

ప్రశ్న: మా సిద్ధాంతి గారు వేడి చేయని కనకపుష్యరాగం 5 రత్తీలది పెట్టుకోమన్నారు. ఒక షాపులో పుష్యరాగం 2 వేలకే ఉంది, ఇంకోచోట లక్ష అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. (అనంతపురం)

జవాబు: టెన్షన్ పడకండి, అవి రెండూ వేర్వేరు రాళ్లు. కనకపుష్యరాగం అంటే పసుపు రంగు కురువిందం, నీలానికి సొంత చెల్లెలు. ఉత్త పుష్యరాగం అంటే కొందరు టోపాజ్‌ను ఇస్తారు, ఇంకొందరు పసుపు సిట్రిన్ కూడా చూపిస్తారు. నీలం విషయంలోనూ ఇదే, నీలి పేరుతో అమ్మే అయోలైట్ వేరు, నీలం వేరు. బ్యాంకాక్ పుష్యరాగం అని అమ్మే చక్కటి పసుపు రాళ్లలో చాలావరకు వేడి చేసినవి, వాటిలో బెరీలియం పట్టించినవీ ఉంటాయి, వాటిని తేల్చడానికి లేజర్‌తో చేసే రసాయన పరీక్ష కావాలి.

రత్తీ లెక్క ఇంకో చిక్కు. ఆ కొలత గురివింద గింజ ఎత్తు నుంచి వచ్చింది, పాత లెక్కలో ఒకటి, నగల బజారు లెక్కలో ఇంకొకటి, ఊరూరికీ తేడా. క్యారెట్ మాత్రం ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే. బిల్లు క్యారెట్లలో రాయించుకోండి.

రాయి పెట్టుకోవాలా వద్దా అన్నది మీ నమ్మకం, మీ సిద్ధాంతి గారి మాట, అందులో నేను జోక్యం చేసుకోను. నీలాన్ని మూడు రోజులు దిండు కింద పెట్టుకుని చూసే అలవాటు మనకుంది కదా, దుకాణం వాళ్లు దానికి ఒప్పుకుని రాయి ఇస్తారు కూడా. కనకపుష్యరాగమైనా సరే, అలాగే ఇంకో వారం గడువు అడిగి ల్యాబ్‌కు పంపించుకోండి, నచ్చకపోతే తిరిగి తీసుకుంటామని బిల్లు మీదే రాయించుకుని మరీ. నిజంగా వేడి చేయని రాయి అమ్ముతున్నవాళ్లు దీనికి అభ్యంతరం చెప్పరు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇండియా వస్తూ శ్రీలంక తిరిగి వద్దామనుకుంటున్నాం. అక్కడే కొంటే చవక కదా? (ఎడిసన్)

జవాబు: చవక అనుకుని వెళ్తేనే దెబ్బ తింటారు. అక్కడి వ్యాపారులకు ప్రపంచ ధర మనకన్నా బాగా తెలుసు. గనుల దగ్గర గుంట ఒడ్డున ఇప్పుడే తీశామంటూ చేతిలో పెట్టే రాయిని కొనకండి, ల్యాబ్‌లో చేసిన రాళ్లను మట్టిలో కలిపి గని రాయిగా అమ్మడం చాలా దేశాల్లో ఉన్నదే. బేరువల బజారు చూడటానికి బాగుంటుంది, తెల్ల కాగితం మడతల్లో రాళ్లు పట్టుకుని ఎండలో నిలబడి బేరాలాడుతుంటారు, చూసి రండి. కొనాలనిపిస్తే కొలంబోలో లైసెన్సు ఉన్న దుకాణంలో కొని, చెల్లించే ముందే అక్కడి జాతీయ రత్నాభరణ సంస్థ ల్యాబ్‌లో చూపించుకోండి. అమెరికాకు తీసుకెళ్లేటప్పుడు బిల్లు, రిపోర్టు చేతి సంచిలో పెట్టుకుని కస్టమ్స్‌కు చెప్పండి.

ప్రశ్న: నా నీలం ఉంగరం బిగుతైంది. సైజు పెంచడానికి ఇస్తే రాయికి ఏమైనా అవుతుందా? ఇంట్లో ఎలా కడగాలి? (విజయవాడ)

జవాబు: వేడి చేయని రాయి అయితే ఈ ప్రశ్న తప్పకుండా అడగాల్సిందే. మంట పెట్టి అతికేటప్పుడు బంగారం నల్లబడకుండా కొందరు పనివాళ్లు బోరిక్ యాసిడ్ పూస్తారు. అది రాయి మీద ఉండగా మంట తగిలితే నీలం పైభాగం గరుకెక్కుతుంది, రాయి మంచిదైనా సరే, తిరిగి సానబట్టాల్సి వస్తుంది. అందుకని సైజు మార్చే ముందు రాయి విడిగా తీసి, తూకం వేసి, ఆ బరువు చీటీ మీద రాసిమ్మనండి. తిరిగి పొదిగాక మీ రిపోర్టులోని కొలతలతో పోల్చుకోండి.

కడగడానికి గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల సబ్బు, పాత మెత్తటి టూత్‌బ్రష్ చాలు. రాయి వెనక వైపు కూడా రుద్దండి, వంటింటి నూనె, పిండి అక్కడే పేరుకుని రంగును చంపేస్తాయి. సింకు రంధ్రం మూసి కడగండి.